మూడు ఆనవాళ్లు

గోడలకు చెవులుంటాయన్న సామెతను పిల్లలకు విడమరిచి చెప్పే పని 2094 నాటికి భీమిలిలో ఎవరికీ లేకుండా పోయింది. ప్రతి ఇంటి గోడకూ నిజంగానే ఒక చెవి ఉండేది. చొక్కా బొత్తామంత పరికరం. చీకటి పడితే దీపం వేసేది, పాలు పొంగితే పొయ్యి ఆపేది, పనిలో పనిగా ఇంట్లో పలికిన ప్రతి మాటనూ భద్రం చేసేది. పురిటి ఏడుపు దగ్గర్నుంచి పోయేముందు అడిగిన మంచినీళ్ల దాకా మనిషి బతుకంతా ఎక్కడో ఒకచోట రికార్డయి ఉండేది. మొదట్లో జనం గొణిగారు. తరువాత, అన్నిటికీ అలవాటు పడ్డట్టే, దీనికీ పడ్డారు.

అయితే ఉన్నదంతా ఎవరో దాచిపెడుతుంటే, తనకంటూ దాచుకోవడానికి చిటికెడైనా మిగలాలనిపించడం మనిషి బుద్ధి. అలా పుట్టింది గుట్టు అనే ఆచారం. ఇంటింటికీ ఒక మాట ఉండాలి. దాన్ని నోటితో అనకూడదు, ఎక్కడా రాసిపెట్టకూడదు. వేలితో అరచేతిలో రాసి చూపాలి, అంతే. ఇంటిగుట్టు లంకకు చేటని పాతవాళ్లు అన్నారు గాని, ఆ రోజుల్లో ఇంటిని కాపాడింది ఆ గుట్టే. అదెలాగో తెలియాలంటే స్మృతినేత గురించి కాస్త చెప్పుకోవాలి.

తలకు దెబ్బ తగిలో, నీట మునిగి ఊపిరాడకో మెదడులో కొంత భాగం చచ్చిపోతే ఒకప్పుడు డాక్టర్లు చేతులెత్తేసేవారు. స్మృతినేత వచ్చాక ఆ చచ్చిన చోట వల లాంటి సన్నటి స్కాఫోల్డ్ పరిచి, దాని మీద మూలకణాలతో కొత్త న్యూరాన్లు పెంచడం మొదలుపెట్టారు. బతికి ఉన్న పాత న్యూరాన్లలో ఏ జ్ఞాపకం ఎటు సాగుతోందో చూసి, మగ్గం మీద తెగిన పోగును పట్టుకుని అతికినట్టు కొత్తవాటిని దానికి కలిపేవారు. అలా పోగు దొరికిన జ్ఞాపకాన్ని మూలం అన్నారు. పోగు దొరకని చోట గోడ చెవులు దాచిన రికార్డులు తెచ్చి ఖాళీ నింపేవారు. దాన్ని పూరకం అన్నారు. నేత ఎంత బాగా కుదిరేదంటే, లేచి కూర్చున్న మనిషికి తన జ్ఞాపకాల్లో ఏది మూలమో ఏది పూరకమో తెలిసేది కాదు.

మనిషి లేచాడు, నవ్వాడు, పేరు పెట్టి పిలిచాడు. సంతోషమే. కానీ వారం తిరిగేసరికి ఇంట్లో ఎవరో ఒకరి బుర్రను పురుగు తొలిచేది. ఈయన మా ఆయనేనా, లేక మా ఆయన రికార్డులు తొడుక్కుని తిరుగుతున్న బొమ్మా? ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. దానికి జవాబు చెప్పడానికే డాక్టర్ నూకరత్నం ఒక యంత్రాన్ని కనిపెట్టింది. దానికి ఆనవాలు అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఆ యంత్రం పనితీరులో అర్థం కానిదేమీ లేదు. గోడ చెవికి అందని సంగతి ఒకటి ఇంటివాళ్లు అడుగుతారు. చెవి వినలేదు కాబట్టి అది పూరకంలో ఉండే వీలు లేదు. లేచిన మనిషి దాన్ని గుర్తు తెచ్చుకుంటున్నప్పుడు, వెంట్రుక కన్నా సన్నని సూది ఒకటి ఆ జ్ఞాపకం పాత న్యూరాన్లలోంచి బయలుదేరిందో, కొత్తవాటిలో ఊరికే పుట్టిందో పసిగడుతుంది. జవాబు సరిపోయి, సూది కూడా మూలమేనంటే అది ఒక ఆనవాలు. అలాంటివి మూడు కుదిరితే పొరపాటుకు అవకాశం కోటిలో ఒక వంతు కూడా ఉండదని రత్నం లెక్క కట్టి చూపింది. మూడు ఆనవాళ్లు చాలు అన్నది అలా నియమమైంది.

మూడే ఎందుకంటే, సూదికి ఒక దోషం ఉంది. అది చదివిన జ్ఞాపకం అరిగిపోతుంది. నేతలో ఆ ఒక్క పోగూ సడలి, దాన్ని చెప్పుకున్న మాటల గుర్తుతో సహా వారం తిరిగేలోగా మాసిపోతుంది. మూడు పోగులు పోతే మనిషికి పెద్ద లోటు రాదు. నాలుగోది అడగడం చాదస్తం, అయిదోది అడగడం హింస అని రత్నం తన దగ్గర పని నేర్చుకునేవాళ్లకు చెప్పేది. చట్టంలో మాత్రం నాలుగో ప్రశ్నకు అడ్డేమీ పెట్టలేదు. అంత అవసరం ఎవరికి వస్తుందిలే అనుకున్నారు.

ఇంకో జాగ్రత్త కూడా ఆమె పెట్టింది. ప్రశ్న అడిగేముందు తెర మీద ఒక గడి నింపాలి. "ఏ ఫలితం వస్తే మీ అనుమానం తీరుతుంది?" అని ఉంటుంది అందులో. జవాబు వచ్చాక మాట మార్చకుండా ముందే కట్టడి అన్నమాట. చివర్లో యంత్రం "అనుమానం తీరిందా?" అని అడుగుతుంది. ఇంటివాళ్లు తీరింది అన్న మీట నొక్కితే లేచిన మనిషికి తన పాత పేరుతో పత్రం వస్తుంది. తొంభై రోజుల్లోగా ఎవరూ నొక్కకపోతే ఆ మనిషిని పూరకంగా రాసుకుని, వేరే పేరు పెట్టి, కొండ అవతల ఉన్న నివాసానికి పంపేస్తారు. అక్కడికి పోయినవాళ్లను చూడ్డానికి ఎవరూ వెళ్లరు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న రత్నానికి ఒక చెల్లెలు ఉంది. పేరు పైడితల్లి. అమ్మమ్మల నాటి పేర్లు మళ్లీ మోజులోకి వచ్చిన కాలం అది. అక్కకు యాభై రెండు, చెల్లెలికి నలభై నాలుగు. ఇద్దరూ పెళ్లి జోలికి పోలేదు. అమ్మా నాన్నా పోయాక రేవు పక్క ఇంట్లో ఒకరికొకరుగా ఉండిపోయారు. పైడి లాంచీల సౌరతెరచాపలు కుట్టేది. ఆమెకు ముక్కు మీదే కోపం. కూరలో ఉప్పెక్కువైతే అక్కనైనా వదిలేది కాదు, అరగంట దులిపి, ఆ తరువాత అదే కూర మళ్లీ వడ్డించుకునేది.

కిందటి ఏడాది తుపాను వెళ్లిన మర్నాడు, తెల్లవారుజామున అయిదు గంటల లాంచీలో రత్నం శ్రీకాకుళం వైపు వెళ్లవలసి ఉంది. కొత్త సూదులున్న పెట్టె ఒకటి అక్కడి స్మృతినేత కేంద్రానికి చేర్చాలి. ఆమె బదులు పైడి వెళ్లింది. సముద్రంలో మునిగిపోయిన పాత బజారు గోడ ఒకటి తగిలి లాంచీ బోర్లాపడింది. పైడిని పైకి తీసేసరికి పదకొండు నిమిషాలు దాటింది. కబురు తెలిసి రత్నం చెప్పుల కోసం వెతికి, కనబడక, వట్టికాళ్లతో రేవుకు పరిగెత్తింది.

ఆ ఉదయం సంగతి రత్నం మనసులో చెక్కినట్టు ఉండిపోయింది. అలారం మోగింది. మూడు రాత్రులుగా నిద్ర లేదు. దుప్పటి తల మీదికి లాక్కుని, కళ్లు తెరవకుండానే, "నువ్వెళ్లవే పైడీ" అంది. ఆ మూడు మాటలూ రోజుకెన్నిసార్లు చెవుల్లో మోగేవో ఆమెకే తెలుసు. గోడ చెవిలో ఆ ఉదయపు రికార్డు లేదు. తుపానుకు కరెంటు పోయి ఉంటుందిలే అనుకుంది, పోవడమే మేలనుకుంది. ఆ మాటలు తన గొంతుతో మళ్లీ వినే ధైర్యం ఆమెకు లేదు.

భీమిలి కేంద్రంలోనే ఎనిమిది నెలలు నేత సాగింది. ఒక ఆదివారం పొద్దున పైడి కళ్లు తెరిచి, అక్కను చూసి, "ఏటక్కా, ఇలా చిక్కిపోయావు?" అంది. రత్నం మంచం అంచు పట్టుకుని ఏడ్చింది.

పరీక్షకు సొంత మనిషి అని మినహాయింపు లేదు. మొదటి రోజు రత్నం అరచెయ్యి చాపి, "మన గుట్టు రాయి" అంది. పైడి వేలితో చింతపిక్క అని రాసింది. నాలుగేళ్ల పైడి ముక్కులో చింతపిక్క దూర్చుకుంటే అక్క తలపిన్నుతో బయటికి తీసి, అమ్మకు చెప్పనని ఒట్టు వేసిన నాటి గుట్టు అది. తరువాత రత్నం తిరిగి రాయబోతే, రెండో అక్షరానికే చక్కిలిగిలి పెట్టి పైడి చెయ్యి లాగేసుకుంది. చిన్నప్పటి నుంచీ అంతే. సూది మూలం అంది. రెండో ప్రశ్నకూ, మూడో ప్రశ్నకూ కూడా మూలమే అంది. యంత్రం ఆడగొంతుతో, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా, "అనుమానం తీరిందా?" అని అడిగింది.

రత్నం వేలు తీరింది మీట దాకా వెళ్లి ఆగింది. యంత్రం సరిగ్గా పని చేస్తోందో లేదో ఒకసారి చూస్తే మంచిదనిపించింది. అది న్యాయమైన అనుమానమే. సూది మార్చి, ఇంకో యంత్రంతో సరిచూశారు. తేడా లేదు. అక్కడితో అయిపోవలసింది. మర్నాడు ఆమె నాలుగో ప్రశ్న అడిగింది. గడిలో ఏం రాయాలో తోచక, చూద్దాం అని రాసింది.

చూద్దాం అన్న మాటలో ఎంత మహత్తు ఉందో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇస్తానని కాదు, ఇవ్వనని కాదు. వస్తానని కాదు, రానని కాదు. అడిగినవాడి నోరు మూతపడుతుంది, చెప్పినవాడి చెయ్యి కట్టుబడదు. గడి ఖాళీగా ఉంటే యంత్రం ముందుకు కదలదు గాని, చూద్దాం అంటే కదిలింది. ఈ గడిని కట్టుదిట్టంగా తయారుచేసిన రత్నానికి, తెలుగువాళ్లు దాన్ని ఏ మాటతో నింపుతారో అప్పుడు తోచలేదు.

పైడికి రికార్డులో లేని మూల జ్ఞాపకాలు నలభై మూడు, మిగతాదంతా పూరకమేనని నేసేటప్పుడు డాక్టర్లు గీసిన నేత పటంలో కనిపించింది. యాభై రోజులు తిరిగేసరికి రత్నం ఇరవై ఆరు అడిగేసింది. చెరువు గట్టున పారేసుకున్న గొలుసు. నాన్న పోయిన రోజు పెరట్లో ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్న చోటు. పైడికి పందొమ్మిదేళ్లప్పుడు లాంచీ నడిపే సరంగు ఒకతని మీద మనసుపడి, అక్కకు సైగతో మాత్రమే చెప్పిన సంగతి. ప్రతిదానికీ జవాబు సరిపోయింది. ప్రతిదానికీ సూది మూలమే అంది. ఒక్కోటీ వారం తిరిగేలోగా పైడి మనసులోంచి మాసిపోయింది.

రత్నాన్ని ఆపకుండా తొలుస్తున్నది ఒకటే. పైడి తిట్టడం లేదు. ఉప్పెక్కువైతే దులిపేసే మనిషి, తనను చావుకు పంపిన అక్కను ఒక్క మాట అనకుండా, తల దువ్వుతుంటే హాయిగా కళ్లు మూసుకుంటుందా? మా పైడి అయితే అడిగేది. మా పైడి అయితే అగ్గి మీద గుగ్గిలం అయ్యేది. నవ్వుతూ కూర్చున్న ఈ మనిషి ఎవరు? ఇంత ఆలోచించిన మనిషి, ఆ ఉదయం గురించి మాత్రం చెల్లెల్ని అడగలేదు. అది తప్ప మిగతావన్నీ అడిగింది.

ఒక రోజు ఉండబట్టలేక యంత్రాన్నే అడిగింది.

"నువ్వు చెప్పు. ఈమె మా చెల్లెలేనా?"

"అడిగిన జ్ఞాపకం మూలం" అంది యంత్రం.

"జ్ఞాపకాలన్నీ మూలమే అయినా మనిషి వేరు కావచ్చు గదా?"

"దానికి పరీక్ష చెప్పండి, చేస్తాను."

రత్నం దగ్గర చెప్పడానికి పరీక్ష లేదు. చూద్దాం అని రాసి ఇరవై ఏడో ప్రశ్న అడిగింది.

కేంద్రంలో ఆమెకు పెద్దదిక్కు లాంటివాడు కూర్మనాథం గారు. డెబ్భై దాటిన మనిషి. యంత్రం లెక్కలు సరిచూసింది ఆయనే. తాతముత్తాతల నాటి తర్కం చదువుకున్నాడు గనుక, తెల్లకోటు వేసుకున్నా నుదుట బొట్టు మానలేదు. ఆయన చాలా రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ముప్పై అయిదో ప్రశ్న నాడు మధ్యాహ్నం ఆమెను డాబా మీదికి తీసుకెళ్లి, అక్కడి నీడలో కూర్చోబెట్టాడు. కింద నీళ్లలో పాత బజారు మేడల కొసలు కనబడుతున్నాయి.

ఆయన అడగకముందే రత్నం తన వాదం వినిపించింది. నిన్న చెప్పిన సంగతి ఇవాళ అడిగితే ఆమెకు తెలియడం లేదు, గుట్టు కూడా మరిచిపోయింది, సొంత చెల్లెలు గుట్టు మరుస్తుందా అంది.

"అన్నం అంతా నువ్వే తినీసి, ఖాళీ పళ్లెం చూపించి, వండనే లేదంటే ఎలాగమ్మా?" అన్నాడు కూర్మనాథం.

ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు. తర్కంలో అనుమానం అంటే శంక కాదన్నాడు. పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడానికే అనుమానం అని పేరన్నాడు. అది తెలుసుకునే దారి. ఆ మాటను మనవాళ్లు ఎప్పుడు పట్టుకొచ్చి శంక కింద చేశారో గాని, పెనుభూతమయింది ఆ రెండోదే.

"విజ్ఞానం నేర్పే సంశయం మొదటి జాతిదమ్మా. నిప్పు చూపించండి, నమ్ముతాను అంటాది. చూపిస్తే ఆగుతాది. ఆగడం దానికి ఓటమి కాదు, అది పుట్టిందే ఆగడానికి. తత్త్వం అడిగే సంశయం ఇంకోటి. నిప్పు చెయ్యి కాలుస్తున్నా, ఇది కల కాదని ఏటి నమ్మకం అంటాది. దానికి ఏ రుజువూ చాలదు. ఏ రుజువు తెచ్చినా అదీ కలలోదే కావచ్చు గదా."

"అయితే ఆ ప్రశ్న తప్పంటారా?"

"తప్పననమ్మా. పెద్దపెద్దవాళ్లు జన్మంతా ఆలోచించిన ప్రశ్న అది. నేనూ ఆలోచిస్తాను. కాని దాన్ని ఆలోచించుకోడానికి అరుగు కావాలి, సూది కాదు. నువ్వు ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని ఈ యంత్రాన్ని వాడతన్నావు. ఏ జవాబు వస్తే ఆగుతావో చెప్పలేని అనుమానంతో ఒక మనిషిని పొడుస్తన్నావు."

రత్నం కళ్లనీళ్లు పెట్టుకుంది. రేపటి నుంచి ఆపేస్తానంది. ఆయన లేచి వెళ్తూ, ఆ గడి పెట్టింది నువ్వేనమ్మా, దాన్ని ఒక్కసారి నిజంగా నింపి చూడు అన్నాడు. నాలుగు రోజులు ఆమె నిజంగానే ఆపింది. అయిదో రోజు అన్నం తింటూ పైడి, కూరలో ఉప్పెక్కువైనా, ఏమీ అనకుండా తినేసి లేచింది. ఆ సాయంత్రం ముప్పై ఆరో ప్రశ్న మొదలైంది.

ఒక్కో ప్రశ్నకూ పైడి సమ్మతి సంతకం చెయ్యాలి. జ్ఞాపకం అరుగుతుందని ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆమె చదువుకునే సంతకం పెట్టేది. ఎందుకు పెడుతున్నావని కూర్మనాథం ఒకసారి అడిగితే, అక్కకి ఏదో బెంగ పట్టుకుంది, అది తీరితే చాలు, నాకు ఎన్ని గుర్తుంటే ఏటి లాభం అందట. ఈ మాట ఆయన రత్నానికి చెప్పాడు. బొమ్మలైతేనే అంత ఓర్పు ఉంటుందని రత్నం మనసు అంది. అలా అన్నందుకు ఆమెకే సిగ్గేసింది, అయినా ఆ మాట మనసులోంచి పోలేదు.

ఎనభై తొమ్మిదో రోజు వచ్చింది. మర్నాటితో గడువు ఆఖరు. నేత పటంలో మిగిలిన మూలం ఒకే ఒక్కటి. దాని తేదీని రత్నం రెండుసార్లు చూసుకుంది. లాంచీ మునిగిన ఉదయం అది. చిన్నదే. రెండు మూడు నిమిషాల జ్ఞాపకం.

కూర్మనాథం తలుపు దగ్గర నిలబడి, ఆ ఒక్కటీ ఉంచవమ్మా, మొదటి మూడింటి మీదే తీరింది నొక్కు, పత్రం వచ్చేస్తాది అని చెప్పి వెళ్లిపోయాడు. రత్నం నొక్కలేకపోయింది. మీట నొక్కి ఇంటికి తీసుకెళ్లి, బతికినన్నాళ్లూ పక్క కంచంలో తింటున్న మనిషి వైపు దొంగచూపులు చూస్తూ గడపడం ఆమె వల్ల కాదు. నివాసానికి పంపడం అంతకన్నా కాదు. ఆమె గడి ముందు చాలాసేపు కూర్చుంది. చూద్దాం అని సగం రాసి, చెరిపేసింది. నన్ను తిడితే అని రాసింది. ముప్పై తొమ్మిది చూద్దాంల తరువాత ఆమె రాసిన మొదటి నిజమైన జవాబు అదే.

"అక్కా, ఇదొక్కటే మిగిలిందంట గదా" అంది పైడి, సూది కింద తల ఆనించుకుంటూ. "అడుగు. నీకు నిద్ర పట్టాలి గదా. కళ్ల కింద చూసుకున్నావా, ఎలాగున్నాయో."

రత్నం అడిగింది. "ఆ రోజు పొద్దున నువ్వు లాంచీకి ఎందుకు వెళ్లావు?"

పైడి కళ్లు మూసుకుంది. ఆమె పెదవుల మీద నవ్వు కదిలింది.

"నీకు మూడు రాత్రులు నిద్ర లేదు. నాలుగున్నరకి నీ అలారం మోగకముందే ఆపీసాను. గోడ చెవిని కూడా కట్టీసాను, లేకపోతే లాంచీ టైమైందని అరిచి లేపీస్తాది. ఒకవేళ లేచినా నా ఎనకాల పరిగెత్తుకు రాకుండా నీ చెప్పులు మంచం కిందకి, గోడ దాకా తోసీసాను. పెట్టె పట్టుకుని ఎల్లిపోయాను. గుమ్మం కాడ ఆగి ఓసారి చూశాను. నోరు తెరుచుకుని పడుకున్నావు, చిన్నప్పట్లాగే."

"నేనేమన్నాను?"

"నువ్వేటంటావు? నువ్వు లేస్తే గదా. నీకు తెలియనే తెలీదు."

రత్నం కుర్చీ చేతులు పట్టుకుంది. చెప్పులు. ఆ రోజు ఇల్లంతా వెతికినా కనబడలేదు. ఆ తరువాత పదమూడో రోజున ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద మూలకు, గోడకు ఆనుకుని దొరికాయి. అక్కడికెలా పోయాయో అనుకుంది, అంతటితో మరిచిపోయింది. ఈ సంగతి ఏ చెవిలోనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఎంత వెతికినా దొరకని ఆనవాలు తన మంచం కిందే ఉంది. పొగ కళ్ల ముందే ఉంది. ఆమె ఒక్కసారి కూడా దాన్ని చూసి నిప్పును ఊహించలేదు.

అలారం మోగలేదు. దుప్పటి లాక్కోలేదు. నువ్వెళ్లవే పైడీ అని ఆమె అననే లేదు. వట్టికాళ్లతో రేవుకు పరిగెత్తిన మనిషి, ఏడుస్తూ, దీనికి నేనే కారణమని నమ్మి, అందుకు తగిన ఉదయాన్ని తనే అల్లుకుంది. స్కాఫోల్డ్ లేదు, సూది లేదు, డాక్టర్లు లేరు. నేతలో అతుకు కనబడలేదు. మూడు నెలలుగా ఆమె పూరకం కోసం చెల్లెలి తలలో వెతుకుతోంది. అది తన తలలో ఉంది. తిట్టడానికి కారణమే లేనప్పుడు పైడి ఎందుకు తిడుతుంది?

"మూలం" అంది యంత్రం. "మిగిలిన మూలాలు సున్నా. మీరు రాసిన ఫలితం రాలేదు. అనుమానం తీరిందా?"

రత్నం తీరింది నొక్కింది. తరువాత చెల్లెలి ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. పైడి ఆమె జుట్టు సవరిస్తూ, ఏటక్కా, తీరిందన్నావు గదా, మరి ఏడుపెందుకు అని అడిగింది. రత్నం జవాబు చెప్పినా, అది పైడి దగ్గర ఎన్నాళ్లో ఉండేది కాదు.

పత్రం ఆ రోజే వచ్చింది. పైడితల్లి అని పాత పేరుతో, మొదటి మూడు ఆనవాళ్ల ఆధారంగా అని రాసి ఉంది. కూర్మనాథం దాన్ని తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆ మూడూ పోయి అప్పటికి రెండున్నర నెలలు దాటింది.

ఆరో రోజు పొద్దున రేవు పక్క ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ వసారాలో కూర్చున్నారు. పైడి దారం సూదిలోకి ఎక్కిస్తోంది. చేతులకు పని గుర్తుంది. ఇల్లూ తెలుసు, అక్కా తెలుసు, అమ్మానాన్నల పేర్లూ తెలుసు, అన్నీ గోడ చెవిలో ఉన్నవే. ఆల్బంలో చూసిన మనిషిని గుర్తుపట్టినట్టు ఆమె అక్కను గుర్తుపడుతోంది. పొద్దున కాఫీ ఇచ్చినప్పుడు రెండు చేతులతో అందుకుంది.

రత్నం లేచి గోడ చెవిని ఆపింది. వచ్చి పక్కన కూర్చుని, చెల్లెలి చెయ్యి తీసుకుని, అరచేతిలో వేలితో చింతపిక్క అని రాసింది. రెండో అక్షరం దగ్గర ఆమె వేలు ఆగింది. పైడి చెయ్యి లాక్కోలేదు. అక్క రాయడం పూర్తయ్యేదాకా మర్యాదగా చాపి ఉంచింది.

తరువాత రత్నం ఆ ఉదయం సంగతి చెప్పింది. అలారం ఆపిన సంగతి, చెప్పులు తోసిన సంగతి, గుమ్మం దగ్గర ఆగి చూసిన సంగతి, ఏదీ వదలకుండా చెప్పింది. దానికి ఇప్పుడు ఏ ఆనవాలూ లేదు. చెవిలో రికార్డు లేదు, పటంలో మూలం లేదు. ఉన్నది రత్నం మాట ఒక్కటే, ఆ రత్నమే ఏడాదిపాటు జరగని ఉదయాన్ని జరిగిందని నమ్మిన మనిషి. చెప్పడం అయ్యాక ఆమె చెల్లెలి ముఖంలోకి చూసింది. నిజమేనా, రుజువేటి అని అడిగితే బాగుండుననిపించింది.

పైడి దారం ముడి వేసి, పళ్లతో తెంచి, నవ్వింది.

"మీరు చెప్తన్నారు గదా" అంది. "నమ్ముతాను."